పెద్ద ఫైలును ఎక్కడ తెంపాలి?

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి బజారులో ఒక టోకు హార్డ్‌వేర్ దుకాణం ఉందనుకుందాం. సరుకు కొంత గజపతి జిల్లా లోపలి ఊళ్లకు, కాశీనగర్ వైపు, పక్క జిల్లాలోని గుణుపురం వైపు పోతుంది. కొంత సరిహద్దు దాటి పాతపట్నం, టెక్కలి పోతుంది. కొన్నవాళ్ల జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా, 37తో మొదలైతే ఆంధ్ర. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి రాసిన బిల్లు వరుసలన్నీ ఒకే సీఎస్‌వీ ఫైల్లో (గడులను కామాలతో విడదీసి రాసే మామూలు టెక్స్ట్ ఫైలు) ఉన్నాయి. మొత్తం 12 లక్షల వరుసలు. లెక్క సులువుగా ఉండటానికి వరుసకు 200 బైట్లు అనుకుంటే ఫైలు 24 కోట్ల బైట్లు, అంటే 240 ఎంబీ. పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, కొన్ని ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఏ ఏడాది ఏ గుమస్తా కూర్చుంటే ఆయనకు వచ్చిన లిపిలో పడతాయి.

ఈ ఫైలును దుకాణం వెబ్‌సైట్లోకి ఎక్కించి, రాష్ట్రాల వారీగా అమ్మకాలు కూడి చూపించాలి. వెబ్‌సైట్లు రాయడానికి వాడే పీహెచ్‌పీ భాషలో ఇది నాలుగు లైన్ల పని. 'ఫైల్ గెట్ కంటెంట్స్' అని మొత్తం చదివి, వరుసలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ కూడితే అయిపోతుంది. వంద వరుసలతో చూసినప్పుడు చక్కగా పనిచేస్తుంది. అసలు ఫైలు పెట్టగానే తెల్ల పేజీ వస్తుంది. ఎర్రర్ లాగ్ తెరిస్తే 13,42,17,728 బైట్ల మెమరీ అయిపోయిందని ఒక లైను ఉంటుంది. పీహెచ్‌పీ రాసిన వాళ్లలో చాలామందికి ఈ అంకె కంఠతా వచ్చు. అది 128 ఎంబీ, ఒక్కో స్క్రిప్టుకు పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే జాగా.

ఇక్కడ అందరూ ముందు చేసేది ఆ పరిమితిని 512కో 1,024కో పెంచడం. ఏడాదికోసారి సొంత కంప్యూటర్లో నడిపే పని అయితే పెంచి పని కానివ్వడమే మేలు, దానికోసం రెండు రోజులు కూర్చుని కోడు తిరగరాయడం దండగ. వెబ్ సర్వర్ సంగతి వేరు. నలుగురు ఒకేసారి ఫైలు ఎక్కిస్తే అదే జాగా నాలుగింతలు కావాలి. పైగా 240 ఎంబీ ఫైలును వరుసలుగా, వరుసలను గడులుగా విడగొట్టాక అది మెమరీలో 240 ఎంబీగా ఉండదు. ప్రతి వరుసకూ, ప్రతి గడికీ భాష తన లెక్కల కోసం కొంత అదనంగా తీసుకుంటుంది, అది చాలాసార్లు అసలు డేటాను మించిపోతుంది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్లో నడిపే నోడ్‌లో ఇంకో అడ్డు ఉంది. అందులో ఒక స్ట్రింగ్ (అక్షరాల వరస) పొడవు సుమారు 53 కోట్ల 68 లక్షల యూనిట్లు దాటకూడదు. సర్వర్లో మెమరీ ఎంత ఖాళీగా ఉన్నా ఆ గోడ కదలదు.

గోదాము ముందు లారీ ఆగితే కళాసీలు చేసేదే ఇక్కడా చేయాలి. బస్తా తర్వాత బస్తా దించుకోవాలి. పీహెచ్‌పీలో 'ఎఫ్‌ఓపెన్'తో ఫైలు తెరిచి, 'ఎఫ్‌గెట్స్'తో ఒక్కో వరుస తీసుకుని, కూడాల్సింది కూడి, ఆ వరుసను వదిలేస్తే ఫైలు 240 ఎంబీ ఉన్నా 24 జీబీ ఉన్నా మెమరీలో ఉండేది ఒక్క వరుసే. 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5తో వరుసలను ఒక్కొక్కటిగా అందించే 'యీల్డ్' కూడా చేరింది కాబట్టి, చదివే పనిని ఒక ఫంక్షన్లో పెట్టి మామూలు 'ఫర్‌ఈచ్'తో తిప్పుకోవచ్చు. పైథాన్‌లో తెరిచిన ఫైలు మీద 'ఫర్' వేస్తే వరుసలే వస్తాయి. నోడ్‌లో 'క్రియేట్ రీడ్ స్ట్రీమ్' మామూలుగా 64 కేబీ ముక్కలు ఇస్తుంది.

నోడ్ వాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఒకటుంది. లోపల నెట్టు కట్టే మనిషి చేయి ఆపితే లారీ మీద నుంచి అందించేవాడూ ఆగాలి, లేకపోతే బస్తాలు గుమ్మంలో పేరుకుపోతాయి. డిస్కు నుంచి చదవడం చురుగ్గా సాగుతుంది, డేటాబేస్‌లో రాయడం నెమ్మదిగా సాగుతుంది. మధ్యలో ఆపే ఏర్పాటు లేకపోతే రాయాల్సిన ముక్కలన్నీ మెమరీలో వరుస కడతాయి, పేరుకు స్ట్రీమ్ (ముక్కలుగా పారించే పద్ధతి) వాడినా చివరికి ఫైలంతా మెమరీలోనే కూర్చుంటుంది. రాసే వైపు నుంచి 'ఫాల్స్' వస్తే చదవడం ఆపి, 'డ్రెయిన్' అన్నాక మళ్లీ మొదలుపెట్టాలి. 'పైప్‌లైన్' అనే ఫంక్షన్ ఆ పని తానే చూసుకుంటుంది.

ఇంతవరకు పాఠాల్లో అందరూ చెబుతారు. ముక్కలుగా చదవాలని ఒప్పుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది: ముక్క ఎక్కడ తెగుతుంది? ఇంగ్లిష్ డేటా మాత్రమే చూసేవాళ్లకు ఈ ప్రశ్న పెద్దగా ఎదురుకాదు. పర్లాకిమిడి లాంటి చోట రోజూ ఎదురవుతుంది.

కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా రాసుకునే పద్ధతుల్లో ఒకటి యూటీఎఫ్-8. అందులో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి కోడుకూ, అంటే యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఇచ్చిన సంఖ్యకు, మూడు బైట్లు కావాలి. ఒడియాకూ మూడే, మరాఠీ రాసే దేవనాగరికీ మూడే. మూడు లిపుల్లోనూ మొదటి బైటు విలువ 224. తేడా రెండో బైటులో తెలుస్తుంది: తెలుగుకు 176 లేదా 177, ఒడియాకు 172 లేదా 173, దేవనాగరికి 164 లేదా 165. 'బరంపురం' అన్న మాటలో ఏడు కోడులున్నాయి, అంటే 21 బైట్లు. 'శ్రీ' కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు, మొత్తం 12 బైట్లు.

ఇప్పుడు 64 కేబీ ముక్క తీసుకుందాం. అంటే 65,536 బైట్లు. దాన్ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. పీహెచ్‌పీలో అలవాటుగా వాడే 8,192ను భాగిస్తే రెండు మిగులుతాయి. రెండును ఎన్నిసార్లు హెచ్చించినా మూడుతో నిశ్శేషంగా భాగం పోదు కదా! అంటే పూర్తిగా తెలుగులోనో ఒడియాలోనో ఉన్న ఫైలును 64 కేబీ ముక్కలుగా కోస్తే మొదటి కోత తప్పకుండా ఒక అక్షరం నడుమన పడుతుంది. ఒక బైటు ఈ ముక్కలో ఉండిపోతుంది, రెండు బైట్లు తర్వాతి ముక్కలోకి పోతాయి. నిజమైన ఫైళ్లలో అంకెలు, కామాలు, ఖాళీలు కలిసి ఉంటాయి కాబట్టి ప్రతి కోతా అలా పడదు. కానీ తెలుగు మాట మీద పడిన కోతల్లో మూడింట రెండు అక్షరాన్ని చీలుస్తాయి.

చీలిన ముక్కను అక్కడికక్కడే అక్షరాలుగా మార్చమంటే చాలాసార్లు ప్రోగ్రాం ఎర్రర్ ఇవ్వదు. అర్థం కాని బైట్ల స్థానంలో నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం గుర్తు పెట్టి ముందుకు పోతుంది. నోడ్‌లో ముక్క ముక్కకూ విడిగా 'టు స్ట్రింగ్' వేస్తే జరిగేది ఇదే. 240 ఎంబీ ఫైల్లో 64 కేబీ కోతలు 3,662 వస్తాయి. అందులో కొన్ని అంకెల మీద పడి బతికిపోతాయి, మిగిలినవి ఎవరి ఇంటిపేరునో ఏ వీధి పేరునో చెడగొడతాయి. 12 లక్షల వరుసల్లో ఆ కొన్ని వందల పేర్లు ఎవరి కంటా పడవు. మొత్తాలు సరిపోతాయి, రిపోర్టు బాగానే వస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో తన బిల్లు వెతికితే పేరు దొరకదు. అప్పటికి ఆ గుర్తే డేటాబేస్‌లో స్థిరపడిపోయి ఉంటుంది, వెనక ఏ అక్షరం ఉండేదో దాన్నుంచి తిరిగి రాబట్టలేం. తెల్ల పేజీ అయితే కనీసం మొహం మీద చెప్పి చచ్చింది, ఇది చెప్పకుండా చేసే నష్టం.

ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షించి, అన్నీ బాగున్నాయని అప్పగించిన సాఫ్ట్‌వేర్ సరిహద్దు ఊళ్లలో పాడైందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

సవరణ కష్టమేమీ కాదు. ముక్క చివర నుంచి వెనక్కి చూడాలి. యూటీఎఫ్-8లో అక్షరం మధ్యలో వచ్చే బైట్లన్నీ 128 నుంచి 191 లోపే ఉంటాయి, మొదటి బైటు ఎప్పుడూ ఆ పరిధిలో ఉండదు. కాబట్టి మహా అయితే మూడు బైట్లు వెనక్కి వెళ్తే చివరి అక్షరం ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. పూర్తికాని బైట్లను పట్టి ఉంచి తర్వాతి ముక్క ముందు కలిపితే చాలు. నోడ్‌లో స్ట్రీమ్‌కు ముందే 'సెట్ ఎన్‌కోడింగ్' చెప్పినా, బ్రౌజర్‌లో 'టెక్స్ట్ డీకోడర్'కు స్ట్రీమ్ అని చెప్పినా ఈ పని లోపలే జరుగుతుంది. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ చెప్పి ఫైలు తెరిస్తే అడగకుండానే జరుగుతుంది.

వరుస చొప్పున చదివేవాళ్లకు ఈ బెడద లేదు. కొత్త లైను గుర్తు విలువ 10. యూటీఎఫ్-8లో తెలుగు, ఒడియా బైట్లన్నీ 128 లేదా అంతకు పైనే ఉంటాయి కాబట్టి అక్షరం మధ్యలో 10 రావడానికి వీల్లేదు. 'ఎఫ్‌గెట్స్' లిపి గురించి ఏమీ తెలియకుండానే తెలుగును క్షేమంగా తెంపుతుంది.

యూటీఎఫ్-16 దగ్గర కథ మారుతుంది. ఎక్సెల్‌లో 'యూనికోడ్ టెక్స్ట్' అని సేవ్ చేస్తే వచ్చేది అదే. అందులో తెలుగు అక్షరానికి రెండు బైట్లు. 'ఊ' అక్షరానికి ఆ రెండూ 12, 10. అవును, కొత్త లైను గుర్తుకున్న 10! ఎక్సెల్ రాసే పద్ధతిలో 10 ముందు, 12 వెనక ఉంటాయి. బైట్లు చూసి తెంపే ప్రోగ్రాముకు ప్రతి 'ఊ' ఒక వరుస ముగింపులా కనిపిస్తుంది. మొదటి వరుసలో 'ఊరు' అనే గడి పేరు ఉందంటే శీర్షిక దగ్గరే ఫైలు విరిగిపోతుంది. ఒడియా 'ఊ'కు 11, 10. దేవనాగరి 'ఊ'కు 9, 10. మన లిపుల పట్టికలన్నీ ఒకే వరసలో కూర్చినవి కావడంతో మూడింటికీ ఒకే గండం. అసలైన లైను ముగింపులో కూడా 10 పక్కన 0 ఉంటుంది, అది తర్వాతి వరుస నెత్తిన పడి దాన్ని ఒక బైటు జరిపేస్తుంది. అందుకే పెద్ద ఫైలు చేతికి రాగానే ముందు దాన్ని యూటీఎఫ్-8లోకి, అదీ ముక్కలుగానే, మార్చుకుని తర్వాత మిగిలిన పని చూడాలి. పాత డీటీపీ కేంద్రాల నుంచి అను ఫాంట్లలో వచ్చిన ఫైళ్లయితే అవి యూనికోడే కావు, వాటికి వేరే మార్పిడి కావాలి.

వరుస క్షేమంగా తెగినంత మాత్రాన రికార్డు, అంటే ఒక బిల్లు వివరమంతా, క్షేమంగా తెగినట్టు కాదు. సీఎస్‌వీలో ఒక గడి డబుల్ కోట్స్ మధ్య ఉంటే దాని లోపల కొత్త లైను ఉండొచ్చు. చిరునామాలో వీధి ఒక లైను, ఊరు ఒక లైను రాసే అలవాటు ఉన్నచోట ఇది మామూలే. కాబట్టి వరుసను కామాల దగ్గర విడగొట్టే సొంత కోడు రాయకుండా 'ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ' లాంటి సిద్ధంగా ఉన్నదాన్ని వాడాలి. అదీ హార్డ్‌వేర్ దుకాణంలో జాగ్రత్తగా వాడాలి. అంగుళాలకు డబుల్ కోటే గుర్తు కదా! ఆరంగుళాల పైపు అని రాసేటప్పుడు ఆ గుర్తు రెండుసార్లు వేయకుండా ఒకసారే వేసి వదిలితే, కొన్ని పార్సర్లు (సీఎస్‌వీని గడులుగా విడగొట్టే ప్రోగ్రాములు) అక్కడ గడి తెరుచుకుందనుకుని, ఇంకో కోటు కనబడేదాకా వేల వరుసలను ఒకే గడిగా మింగుకుంటూ పోతాయి. మెమరీ మళ్లీ నిండుతుంది, ఈసారి ఒక్క వరుస చదువుతూనే. ఒక రికార్డు ఇన్ని కేబీలు దాటితే ఆపి, ఏ చోట మొదలైందో చెప్పమని ఒక కట్టడి పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు.

ఎక్సెల్ ఫైలునే నేరుగా ఎక్కిస్తే సరిపోదా అంటే, ఒక షీటులో పట్టేది 10,48,576 వరుసలే. పన్నెండు లక్షల సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి, 'బాగానే ఉంది' అని సేవ్ కొడితే లక్షన్నర వరుసలు అక్కడే పోతాయి. పైగా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అంటే జిప్ చేసిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ల మూట. జిప్‌కు విషయసూచిక చివర్లో ఉంటుంది, మాటలు మామూలుగా వేరే ఫైల్లో ఉంటాయి. మొదటి నుంచి పారిస్తూ చదవడానికి అది అనువైన పాత్ర కాదు.

డేటాబేస్ దగ్గరా ప్రశ్న అదే. వరుసకో 'ఇన్‌సర్ట్' వేసి వెంటనే కమిట్ చేస్తే, అంటే రాసింది ఖాయం చేస్తే, మైఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో ప్రతి కమిట్‌కూ డిస్కు మీద ముద్ర పడేదాకా ఆగుతుంది. పన్నెండు లక్షల ముద్రలు! అన్నీ కలిపి ఒకే లావాదేవీగా వేస్తే పదకొండో లక్ష దగ్గర తప్పు వచ్చినప్పుడు అంతా వెనక్కి తిప్పాలి. వెయ్యి రికార్డులకో కమిట్ అయితే 1,200తో అయిపోతుంది. ఇంకా వేగం కావాలంటే మైఎస్‌క్యూఎల్‌లో 'లోడ్ డేటా', పోస్ట్‌గ్రెస్‌లో 'కాపీ' ఉన్నాయి.

ఆ వెయ్యి రికార్డుల ముడి దగ్గర ఇంకో మంచి పని చేయొచ్చు. ఫైల్లో ఎన్నో బైటు దాకా వచ్చామో 'ఎఫ్‌టెల్' చెబుతుంది. ఆ అంకెను అదే లావాదేవీలో ఒక చిన్న పట్టికలో రాసి పెట్టాలి. కరెంటు పోయినా సర్వర్ పడిపోయినా, తిరిగి లేచాక 'ఎఫ్‌సీక్'తో సరిగ్గా అక్కడికే వెళ్లి మొదలుపెట్టొచ్చు. రికార్డులూ ఆ అంకే ఒకే లావాదేవీలో పడ్డాయి కాబట్టి ఒక బిల్లు రెండుసార్లు ఎక్కడం ఉండదు, ఒక బిల్లు జారిపోవడమూ ఉండదు. వరుస సంఖ్య రాసుకుంటే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి, బైటు సంఖ్య అయితే నేరుగా దూకొచ్చు.

ఇదంతా పేజీ తెరిచిన మనిషిని కూర్చోబెట్టి చేసే పని కాదు. వెబ్ నుంచి వచ్చే పీహెచ్‌పీ స్క్రిప్టుకు మామూలు గడువు 30 సెకన్లు, ముందున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ ఒక నిమిషం జవాబు రాకపోతే చేతులెత్తేస్తుంది. ఫైలు అందిందని చెప్పి పంపేసి, వెనకాల క్రాన్ (చెప్పిన వేళకు పనులు నడిపే ఏర్పాటు) ద్వారా కమాండ్ లైన్లో నడిపించాలి. అక్కడ పీహెచ్‌పీకి మామూలుగా కాల పరిమితి ఉండదు.

అసలు ఫైలు సర్వర్‌దాకా చేరాలి కదా. పీహెచ్‌పీ మామూలుగా ఒప్పుకునే అప్‌లోడ్ 2 ఎంబీ, ఎన్‌జిన్ఎక్స్ ఒప్పుకునేది 1 ఎంబీ. ఆ పరిమితులు పెంచడం తేలిక. అప్‌లోడ్ వేగం సెకనుకు 2 మెగాబిట్లు ఉంటే 240 ఎంబీ పోవడానికి 16 నిమిషాలు పడుతుంది. సరిహద్దు ఊళ్లలో ఫోన్ కాసేపు ఒడిశా సర్కిల్ టవరును, కాసేపు ఆంధ్ర సర్కిల్ టవరును పట్టుకోవడం కొత్తేమీ కాదు. మారినప్పుడు ఐపీ చిరునామా కూడా మారితే కనెక్షన్ తెగుతుంది. పదిహేనో నిమిషంలో తెగితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆ టెన్షన్ ఒకసారి పడ్డ గుమస్తా రెండోసారి ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి మనిషితో పంపేస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

బ్రౌజర్‌లో 'స్లైస్' ఫంక్షన్ ఉంది. ఫైలంతా చదవకుండా ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా ముక్క తీసిస్తుంది. ఐదేసి ఎంబీల చొప్పున 48 ముక్కలు చేసి ఒక్కొక్కటీ నంబరుతో పంపితే, తెగినప్పుడు పోయేది ఆ ఒక్క ముక్కే. ఇక్కడ అక్షరం మధ్యలో తెగితే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సర్వర్ వాటిని అక్షరాలుగా మార్చకుండా బైట్లుగానే వరుసగా అతికిస్తుంది కాబట్టి చీలిన అక్షరం మళ్లీ అతుక్కుంటుంది. కోతకు దోషం లేదు, కోసిన ముక్కను విడిగా చదవబోతేనే చిక్కు.

ఇక రాష్ట్రాల వారీ మొత్తాలకు మెమరీలో కావాల్సింది 21కి ఒక గడి, 37కి ఒక గడి, మిగతా రాష్ట్రాలకు మరికొన్ని. వరుసలు ఎన్ని ఉన్నా గడుల సంఖ్య పెరగదు. కాకపోతే పరిమాణం గడిలో ఎవరైనా ఒడియా అంకెలు వేసి ఉంటే పీహెచ్‌పీ వాటిని సంఖ్యలుగా గుర్తించదు, ముందే మార్చుకోవాలి.

కొన్నవారి వారీగా మొత్తాలు కావాలంటే చిక్కు పేరు దగ్గరికొస్తుంది. ఒడియా లిపిలో 'ఒడిశా' అన్న మాటనే బైట్లలో రెండు రకాలుగా రాయొచ్చు. అందులోని కింద చుక్క ఉన్న 'డ'కు ఒకే కోడు ఉంది, 'డ' వేసి పక్కన చుక్క వేసే పద్ధతీ ఉంది. ఒకదానికి మూడు బైట్లు, ఇంకోదానికి ఆరు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోల్చి చూస్తే వేరు. తెలుగులో 'స్టీల్‌' లాంటి మాటల వెనక కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరుతుంది, అదీ మూడు బైట్లే. అందుకని పోల్చే ముందు ప్రతి పేరునూ నార్మలైజ్ చేసి, అంటే ఒకే రకం రాతకు తెచ్చి, కనబడని గుర్తులు తీసేయాలి. గడి మొత్తం చేతికొచ్చాకే చేయాలి, 64 కేబీ ముక్క మీద చేస్తే 'డ' ఇటు, చుక్క అటు పడొచ్చు.

ఆ తర్వాత పేర్లను వరసలో పెట్టాలి. వరసలో పెట్టడానికి మొత్తం ఫైలు మెమరీలో ఉండాల్సిన పని లేదు. లినక్స్‌లోని 'సార్ట్' ఆదేశం పెద్ద ఫైలును ముక్కలుగా వరస కట్టి తాత్కాలిక ఫైళ్లలో దాచి, చివర్లో కలుపుతుంది. వరస కుదిరాక ఒకే పేరున్న బిల్లులన్నీ పక్కపక్కన పడతాయి, ఒక పేరు ముగిసేదాకా కూడి తర్వాతి పేరుకు పోవడమే. అయినా 'పర్లాకిమిడి' ఒకచోట, 'పారలాఖెముండి' ఇంకోచోట, 'బరంపురం' ఒకచోట, 'బ్రహ్మపుర' ఇంకోచోట మిగిలిపోతాయి. ఏది ఏ ఊరో ఏ నార్మలైజేషనూ చెప్పలేదు. ఆ బజారులో ముప్పై ఏళ్లు చిట్టాలు రాసినవాళ్లు కూర్చుని ఎదురెదురుగా పేర్లు వేసి పట్టిక తయారుచేయాలి. అది వంద వరుసలు దాటదు కాబట్టి 'ఫైల్ గెట్ కంటెంట్స్'తో ఒకేసారి మెమరీలోకి తెచ్చుకోవచ్చు.